‘రెక్కలు’ చెప్పిన సంగతి

సోవియట్ యుద్ధ చిత్రాలంటే మనకు వెంటనే గుర్తుకు వచ్చేవి ‘కొంగలు ఎగురుతున్నాయి’ (1957), ‘సైనికుని గాథ’ (1959). రెండూ గొప్ప చిత్రాలే. అయితే వాటిని గురించి మాట్లాడుకున్నంతగా మనం యుద్ధం తరవాతి బతుకును గురించిన చిత్రాలను పట్టించుకోలేదు. ప్రాణాలకు తెగించి పోరాడిన మనిషి, పోరాటం ముగిసి ఇరవై ఏళ్లు గడిచాక, పొద్దున్నే లేచి ఏ పనికి వెళుతుంది? ఆ పని ఆమెకు ఇష్టమేనా? సాయంత్రం ఎవరితో కూచుని నాలుగు మాటలు మాట్లాడుతుంది? వినడానికి ఇవి చిన్న ప్రశ్నలు. కాని సమాజాన్ని మార్చదలచినవాళ్లు వీటిని దాటవెయ్యటానికి వీల్లేదు. లరీసా షెపిత్కో అనే దర్శకురాలు 1966లో తీసిన ‘రెక్కలు’ చిత్రం ఈ ప్రశ్నలే వేసింది.

షెపిత్కో 1938లో ఉక్రెయిన్‌లో పుట్టింది. మాస్కో చలనచిత్ర విద్యాలయంలో దవ్‌జెంకో దగ్గిర చదువుకున్నది. చదువు ముగిస్తూ తీసిన ‘వడగాడ్పు’ (1963) చిత్రానికి చింగీజ్ ఐత్మాతొవ్ కథ ఆధారం. ‘జమీల్యా’ను తెలుగులో చదివినవాళ్లకు ఐత్మాతొవ్‌ను పరిచయం చెయ్యనవసరం లేదు. ‘రెక్కలు’ తీసేనాటికి ఆమె వయసు 28. యుద్ధం ముగిసినప్పుడు ఆమె 7 ఏళ్ల పిల్ల. అంటే ఈ చిత్రంలో ఆమె తన తల్లి తరాన్ని పరిశీలించింది. చిత్రకథ రాసినవాళ్లు వలెంతీన్ యెజోవ్, నతాల్యా ర్యాజాంత్సెవా. యెజోవ్ ‘సైనికుని గాథ’ రచయితలలో ఒకడు. యుద్ధంలో చనిపోయిన కుర్రవాడి కథ రాసిన మనిషే యుద్ధంలో చావకుండా మిగిలిన స్త్రీ కథ కూడా రాశాడన్నమాట.

ఇందులో కథ అనదగినది తక్కువ. నాయిక నదేజ్దా పెత్రూఖినా వయసు నలభై దాటింది. యుద్ధకాలంలో ఫైటర్ విమానం నడిపింది. ఇప్పుడు ఒక పట్నంలో వృత్తివిద్యా పాఠశాలకు ప్రధానోపాధ్యాయురాలు. నగర సోవియట్‌లో సభ్యురాలు కూడా. ఊళ్లో అందరూ ఎరిగిన మనిషి. ఒంటరిగా ఉంటుంది. ఆమె పెంచుకున్న కూతురు తాన్యా తనకన్నా బాగా పెద్దవాణ్ణి పెళ్లాడి వేరే కాపురం పెట్టింది. మ్యూజియం నడిపే పావెల్ అనే ఆయనకు నదేజ్దా అంటే అభిమానం. ఆమె ప్రేమించిన పైలట్ మీత్యా మాత్రం యుద్ధంలోనే పోయాడు. పొగ కక్కుతూ కిందికి జారిపోతున్న అతని విమానం పక్కనే ఆమె తన విమానం నడుపుతూ, ఏమీ చెయ్యలేక చూస్తూ ఉండిపోయింది.

చిత్రం దర్జీ దుకాణంలో మొదలవుతుంది. దర్జీ ఆమె ఒంటికి టేపు పెట్టి కొలతలు పైకి చదువుతాడు. చివరకు మామూలు ఆడవాళ్ల సైజే అని తేలుస్తాడు. ఆ మాటలో ఎగతాళి లేదు, తన వృత్తిధర్మంగా అన్నాడు. ఆమె కుట్టించుకునే దుస్తులు కూడా యూనిఫారానికి దగ్గిరగా ఉండేవే. ఆమె ఎవరో మనకింకా తెలియదు. తెలిసిన తరవాత మాత్రం ఈ మొదటి దృశ్యం వదలకుండా వెంట వస్తుంది. ఆమెకు అందరూ ఏదో ఒక కొలత పెడుతూనే ఉంటారు: పాఠశాలలో పిల్లలు, కూతురి స్నేహితులు, మ్యూజియం చూడవచ్చినవాళ్లు. ప్రతివాళ్లకూ ఆమెలో ఒక ముక్కే కనిపిస్తుంది.

పాఠశాల దృశ్యాలలో షెపిత్కో చూపిన నిజాయితీ గొప్పది. నదేజ్దా మంచి ఉపాధ్యాయురాలని ఆమె మనచేత ఒప్పించాలని చూడలేదు. ఒక కుర్రవాడు సహవిద్యార్థినితో దురుసుగా ప్రవర్తిస్తే, అందరి ఎదుటా క్షమాపణ చెప్పమని నదేజ్దా ఆజ్ఞాపిస్తుంది. వాడు చెప్పడు. బడినుంచి తీసేస్తుంది. తరవాత వాడు ఏమైపోయాడోనని కంగారుపడి వెతుక్కుంటూ వాళ్లింటికి పోతుంది. చివరకు వాడు ఎదురుపడి, ఆమెను ద్వేషిస్తున్నానని మొహం మీదే చెబుతాడు. నదేజ్దాకు తెలిసిన క్రమశిక్షణ రెజిమెంటు క్రమశిక్షణ. అక్కడ ఆజ్ఞకు అర్థం ఉంది. దాని మీద పదిమంది ప్రాణాలు ఆధారపడి ఉంటాయి. వడ్రంగమో తాపీపనో నేర్చుకునే పదహారేళ్ల పిల్లవాడికి అదే ఆజ్ఞ అహంకారంగా వినపడుతుంది. తప్పు ఎవరిదని తేల్చటం షెపిత్కో ఉద్దేశం కాదు. ఇద్దరూ చెప్పుకోలేకపోతున్న సంగతి ఒకటున్నదని ఆమె చూపింది.

పాఠశాల పిల్లల ప్రదర్శనలో మాత్ర్యోష్కా బొమ్మ వేషం వెయ్యవలసిన పిల్ల రాకపోతే, వేళ మించిపోతున్నదని ప్రధానోపాధ్యాయురాలే ఆ బొమ్మలో దూరి వేదిక ఎక్కుతుంది. నవ్వే మొహం గీసిన పెద్ద డొల్ల. లోపల ఒకనాడు శత్రు విమానాలను తరిమిన మనిషి. ఖాళీ ఎక్కడ ఏర్పడితే అక్కడ నిలబడటం ఆమెకు అలవాటు. దాన్ని ఆమె త్యాగమనుకోదు.

నా మనసులో నాటుకున్న దృశ్యాలు రెండున్నాయి. సాయంత్రం ఆమె ఒక రెస్టారెంటుకు వెళుతుంది. వెంట మగదిక్కు లేని ఆడవాళ్లను ఆ వేళప్పుడు రానివ్వరని తలుపు దగ్గిరే ఆపేస్తారు. నగర సోవియట్ సభ్యురాలికి, యుద్ధవీరురాలికి, భోజనానికి పోవటానికి తోడు మగవాడు కావాలి! ఆమె పోట్లాడదు. ఇంకొకనాడు ఒక చిన్న పానీయాల దుకాణంలో, దాన్ని నడిపే షూరా అనే ఆమెతో మాటల్లో పడుతుంది. ఇద్దరూ పాత పాట అందుకుంటారు, కుర్చీల మధ్య వాల్ట్జ్ నృత్యం చేస్తారు. రెండు నిమిషాల పాటు ఇద్దరు నడివయసు స్త్రీలకు లోకంతో పని లేదు. తల తిప్పి చూస్తే అద్దంలోంచి బయటి మగవాళ్లు గుడ్లప్పగించి చూస్తున్నారు. ఆట ఆగిపోతుంది. మాయా బుల్గాకవా నటన ఇక్కడ అద్భుతం. అప్పటికి ఆ నటికి 35 ఏళ్లయినా లేవు. మొహం మీద నవ్వు ఒక్కసారిగా పోదు. ఏం చెయ్యాలో తెలియక కొంచెంసేపు అట్లాగే ఉండిపోతుంది.

ఇక మ్యూజియం. గోడ మీద యుద్ధవీరుల ఫోటోలు. అందులో మీత్యా ఉన్నాడు, నదేజ్దా కూడా ఉంది. చూడవచ్చిన బడిపిల్లలలో ఒకతె పెత్రూఖినా కూడా చనిపోయిందా అని అడుగుతుంది. పెత్రూఖినా ఆ గదిలోనే నిలబడి వింటున్నది. తరవాత ఒకనాడు ఆమె పావెల్‌తో, మనం పెళ్లి చేసుకుందామా అంటూనే, మ్యూజియం అధికారి తన మ్యూజియంలోని వస్తువును పెళ్లాడినట్టు ఉంటుందని హాస్యమాడుతుంది. ఆ హాస్యానికి ఆయన నవ్వలేడు. చూసే మనమూ నవ్వలేం.

ఆ మధ్య మా అధ్యయన బృందంలో పన్నెండుమందిమి కూచుని ఈ చిత్రం చూశాం. నేను ముప్పై ఏళ్లకు పైగా ఆడపిల్లల కళాశాలలో పాఠాలు చెప్పినదాన్ని గనక, పాఠశాల దృశ్యాల మీద చర్చ జరుగుతుందనుకున్నాను. అట్లా జరగలేదు. ఒక లెక్చరరు, “ఆమె బాధంతా ఒంటరితనం వల్ల వచ్చింది. మీత్యా బతికి ఉంటే ఈ కథే లేదు,” అన్నాడు. కార్మిక సంఘంలో చిరకాలం పనిచేసిన పెద్దాయన ఒకరు దీనికి ఒప్పుకోలేదు. “సోషలిస్టు సమాజం ఆమెకు ఉద్యోగం ఇచ్చింది, పదవి ఇచ్చింది, గౌరవం ఇచ్చింది. ఇంకా ఈ వగపేమిటి? ఇది నిరాశావాదం,” అన్నారాయన. వెనక కూచున్న బి.ఎస్సీ. విద్యార్థిని ఇద్దరి మాటలూ విని, “అదంతా సరేనండీ, ఆమెను విమానం లోంచి ఎందుకు దించేశారు?” అని అడిగింది. గదిలో ఎవరూ వెంటనే జవాబు చెప్పలేదు.

చిత్రం ఈ ప్రశ్న దగ్గిర ఆగదు. కాని చరిత్ర దగ్గిర జవాబు ఉంది. 1941 అక్టోబరులో, మరీనా రస్కోవా చొరవ మీద, సోవియట్ ప్రభుత్వం మూడు మహిళా వైమానిక రెజిమెంట్లు ఏర్పాటు చేసింది. అందులో రాత్రిపూట బాంబులు వేసే రెజిమెంటు ఒక్కటే, కర్రా గుడ్డా కలిపి కట్టిన పొ-2 విమానాలతో, యుద్ధం ముగిసేలోగా 23 వేలకు పైగా దాడులు చేసింది. లీద్యా లిత్వ్యాక్ వంటి ఫైటర్ పైలట్లు మగవాళ్ల రెజిమెంట్లలో కూడా పోరాడారు. మొత్తం మీద సుమారు 8 లక్షలమంది స్త్రీలు సోవియట్ సైన్యంలో పనిచేశారని అంచనా. యుద్ధం ముగిసింది. 1945 అక్టోబరులో ఆ రాత్రి రెజిమెంటును రద్దు చేశారు. స్త్రీలలో చాలా ఎక్కువమందిని సైన్యం నుంచి విడుదల చేశారు. ఆ ఏడు జులైలో, విడుదలైన సైనిక యువతులతో మాట్లాడుతూ కాలీనిన్ వాళ్లను ఎంతో మెచ్చుకున్నాడు. మెచ్చుకుని, మీరు చేసిన సేవను గురించి మీరే చెప్పుకోవద్దు, ఇతరులు చెబితే బాగుంటుందని సలహా ఇచ్చాడు. సలహా మర్యాదగానే ఉంది. ఇతరులు చెప్పటమంటే చివరకు మ్యూజియం గోడ మీద ఫోటో అని అప్పుడెవరికి తెలుసు?

ఇంటిదగ్గిర పరిస్థితి ఎట్లా ఉంది? 1945లో సోవియట్ కార్మికులలో, ఉద్యోగులలో సగానికి పైగా స్త్రీలే. 1959 జనాభా లెక్కలలో కూడా పురుషులకన్నా స్త్రీలు సుమారు 2 కోట్లమంది ఎక్కువ తేలారు. ఇంతమందికి భర్తలు రమ్మన్నా రారు. మరొక వంక 1944 జులై శాసనం ఎక్కువమంది పిల్లల్ని కన్న తల్లికి ‘వీరమాత’ బిరుదు ఇచ్చింది; పెళ్లికాని తల్లికి, బిడ్డ తండ్రిని కోర్టుకు పిలిచే హక్కు తీసేసింది. 1936లో నిషేధించిన గర్భస్రావాన్ని మళ్లీ చట్టబద్ధం చేసింది 1955లోగాని కాదు. ఇంటిచాకిరీ స్త్రీని నలిపేస్తున్నదనీ, సామూహిక భోజనశాలలూ శిశువిహారాలే ఆమెకు విముక్తి మార్గమనీ లెనిన్ 1919లోనే రాశాడు. యుద్ధం తరవాతి ఏళ్లలో ఆ సంకల్పానికీ ఆచరణకూ మధ్య దూరం చాలా ఉన్నదని ఒప్పుకోవాలి.

ఈ మాట అంటే సంతోషించేవాళ్లున్నారు. సోషలిజం స్త్రీకి ఒరగబెట్టింది ఏమీ లేదని ‘రెక్కలు’ రుజువు చేస్తున్నదని వాళ్లు అంటారు. వాళ్లకు రెండు సంగతులు గుర్తు చెయ్యాలి. అమెరికాలో యుద్ధకాలంలో సైనిక విమానాలను ఒకచోటి నుంచి మరొకచోటికి చేర్చిన వెయ్యిమంది పైచిలుకు స్త్రీలను 1944 డిసెంబరులోనే ఇళ్లకు పంపారు. వాళ్లు సైనికులేనని ఒప్పుకోవటానికి 1977 దాకా పట్టింది. మన దేశంలో స్త్రీలు ఫైటర్ పైలట్లుగా వైమానిక దళంలో చేరింది 2016లో. నదేజ్దాకు 1940లలోనే ఆ విమానం ఇచ్చిన సమాజం సామాన్యమైనది కాదు. ఆమె దుఃఖం ఇంత లోతైనది కావటానికి కారణం కూడా అదే. రెక్కలు ఎన్నడూ లేని మనిషి వాటికోసం ఇట్లా పరితపించదు.

కనుక మా లెక్చరరు గారి మాట నిలవదు. నదేజ్దా మీత్యాకోసం ఏడుస్తున్నదనటం సగం నిజమే. వానలో తడుస్తూ వీధిలో నిలబడి ఆమె తలుచుకునేది మీత్యానే. అయితే అతన్ని తలుచుకున్నప్పుడల్లా ఆకాశం కూడా వెంట వస్తుంది. వాళ్లిద్దరూ ఒకే పని చేసినవాళ్లు. ఆ ప్రేమలో ఆమె ఎవరికీ తీసిపోలేదు, ఎవరి కిందా లేదు. కొన్నేళ్ల తరవాత వచ్చి ప్రపంచమంతా ఆడిన మరొక సోవియట్ చిత్రంతో పోల్చితే ఈ సంగతి తేటపడుతుంది. ‘మాస్కో కన్నీళ్లను నమ్మదు’ 1981లో ఆస్కార్ బహుమతి పొందింది. అందులో కాతెరీనా కష్టపడి పైకి వచ్చి ఫ్యాక్టరీకి డైరెక్టరు అవుతుంది. ఆమె సుఖపడాలంటే మాత్రం తన హోదా ప్రియుడి దగ్గిర దాచవలసి వస్తుంది. ఇంట్లో నిర్ణయాలు తనే చేస్తానని అతను ముందే చెబుతాడు. ఆ చిత్రం చూసి ప్రేక్షకులు తృప్తిగా ఇంటికి పోయారు. ‘రెక్కలు’ అటువంటి తృప్తి ఇవ్వదు. పావెల్ మంచివాడే, కాని అతను ఆమె సమస్యకు జవాబు కాడు.

మా పెద్దాయన మాట మీద ఇంకొంచెం ఆలోచించాలి, ఎందుకంటే మనలో చాలామంది మాట అదే. ఉద్యోగం ఇచ్చాం, పదవి ఇచ్చాం, ఇంకేం కావాలి? చిత్రంలో తాన్యా తల్లితో, ఈ పని వదిలిపెట్టి నీ కోసం నువ్వు బతకరాదా అనే ధోరణిలో మాట్లాడుతుంది. తల్లికి ఆ మాట మింగుడుపడదు. ఆమె తరానికి పని అంటే పంపినచోటికి పోయి చేసేది. ఇష్టాయిష్టాల ప్రసక్తి లేదు. కూతురి మాటలో స్వార్థం ఉందని కొట్టిపారెయ్యవచ్చు. కాని మార్క్స్ పెట్టుబడిదారీ శ్రమను తిట్టింది కూలి తక్కువని మాత్రమే కాదు. ఆ శ్రమలో మనిషి తనకు తాను పరాయి అవుతాడని. వృత్తివిద్యా పాఠశాల ప్రభుత్వానిదే కావచ్చు, అక్కడ దోపిడీ లేకపోవచ్చు. అయినా ఆ కుర్చీలో కూచున్న నదేజ్దా తనకు తాను పరాయిదిగానే ఉంది. పిల్లలకు ఇది తెలుస్తుంది. తన పనిని ప్రేమించలేని ఉపాధ్యాయురాలిని పిల్లలు ఎంత త్వరగా కనిపెడతారో పాఠాలు చెప్పినవాళ్లకు వేరే చెప్పనక్కరలేదు.

1965లో సోవియట్ ప్రభుత్వం మే 9 విజయదినాన్నీ, మార్చి 8 మహిళాదినాన్నీ సెలవుదినాలు చేసింది. మరుసటి ఏడే ‘రెక్కలు’ వచ్చింది. ఏడాదికి రెండు రోజులు పువ్వులందుకునే స్త్రీకి మిగిలిన రోజులు ఎట్లా గడుస్తున్నాయో చూపింది. యుద్ధవీరులను చిన్నబుచ్చిందని అప్పట్లో దీనిమీద విమర్శ వచ్చింది. వీరులకు దండ వెయ్యటం తేలిక. వాళ్ల సోమవారాలూ మంగళవారాలూ పట్టించుకోవటం కష్టం. షెపిత్కో కష్టమైన పనే చేసింది.

ఇది రష్యావాళ్ల గొడవ అని తీసిపారెయ్యటానికి మనకు వీల్లేదు. తెలంగాణ సాయుధ పోరాటాన్ని 1951 అక్టోబరులో విరమించాక, దళాలలో తుపాకి పట్టిన స్త్రీలు, చీటీలు మోసిన స్త్రీలు, అడవుల్లో పిల్లల్ని కని పోగొట్టుకున్న స్త్రీలు ఏమయ్యారు? స్త్రీ శక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ ప్రచురించేదాకా చాలామందికి ఆ ఆలోచనే రాలేదు. ఆ పుస్తకంలో మాట్లాడిన స్త్రీలలో పలువురు ఇళ్లకు పొమ్మన్నప్పటి బాధనే చెప్పుకున్నారు. నేను పనిచేసిన ఊళ్లో ఇటువంటి ముసలమ్మ ఒకామె ఉండేది. చిన్నతనంలో దళాలకు కబుర్లు మోసింది. ఏటా సభలో ఆమెను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పేవారు, ఒక పాట పాడించేవారు. ఆ తరవాత ఏడాది పొడుగునా ఎవరూ ఆమె గడప తొక్కేవారు కారు. ఒకసారి శాలువా కప్పబోతుంటే చెయ్యి అడ్డం పెట్టింది. “శాలువలు శానా అయినయి బిడ్డా. నాకేమన్న పని జెప్పుండ్రి,” అన్నది. అందరూ నవ్వి చప్పట్లు కొట్టారు. ఆమె నవ్వలేదు.

నదేజ్దా అడిగేది కూడా అదే. చిత్రం చివర ఆమె ఊరి బయటి ఫ్లయింగ్ క్లబ్బుకు వెళ్లి, ఆగి ఉన్న ఒక చిన్న విమానం ఎక్కి కూచుంటుంది. శిక్షణ పొందుతున్న కుర్రవాళ్లు ఆమెను సంతోషపెడదామని ఆ విమానాన్ని మైదానంలో నెట్టుకుంటూ తిప్పుతారు. వాళ్ల మనసులో చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. పెద్దామెను కాసేపు బొమ్మ గుర్రం మీద ఊరేగిస్తున్నామనుకుంటున్నారు. విమానం షెడ్డు దగ్గిరపడుతుండగా ఇంజను మోగుతుంది. కుర్రవాళ్లు చెదిరిపోతారు. ఆమె పైకి లేచిపోతుంది.

ఆమె దిగి వచ్చిందా, రాలేదా అన్నది షెపిత్కో చెప్పలేదు. దీన్ని ఆత్మహత్య అన్నవాళ్లున్నారు, విముక్తి అన్నవాళ్లున్నారు. నాకు రెండూ తొందరపాటుగానే తోస్తాయి. ఆమె దిగి వచ్చిందనే అనుకుందాం. మర్నాడు మళ్లీ అదే పాఠశాల, అదే కుర్చీ. అనుమతి లేకుండా విమానం తీసుకుపోయినందుకు సంజాయిషీ కూడా రాసుకోవలసి ఉంటుంది. మనిషి ఒక్కతే పైకి ఎగిరినంత మాత్రాన సమస్య తీరదని ఆ దర్శకురాలికి తెలియకపోలేదు. ఏ పని చెయ్యటానికి ఈమె పుట్టిందో ఆ పని ఈమెకు ఎందుకు దక్కలేదన్న ప్రశ్నను ఆమె ఆకాశంలో వదిలిపెట్టింది. జవాబు కింద ఉన్నవాళ్లు వెతుక్కోవాలి.

షెపిత్కో 1979లో, 41వ ఏట, షూటింగుకు వెళుతూ కారు ప్రమాదంలో మరణించింది. ఇంచుమించు నదేజ్దా వయసు. అంతకు రెండేళ్ల ముందు ఆమె చిత్రం ‘ఆరోహణ’కు బెర్లిన్ చిత్రోత్సవంలో అగ్ర బహుమతి వచ్చింది. దాన్ని గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. ‘రెక్కలు’ను మాత్రం మన విద్యార్థులూ, అధ్యాపకులూ ప్రత్యేకించి వెతికి చూడాలని కోరుతున్నాను. చూసి, స్త్రీలకు ఉద్యోగాలు ఎన్ని వచ్చాయన్న లెక్కతో పాటు, ఆ ఉద్యోగాలలో వాళ్లు ఎట్లా బతుకుతున్నారన్న లెక్క కూడా తీయాలి. మన సంఘాలలో, మన బడులలో, మన ఇళ్లలో ఎవరిని పనినుంచి తప్పించి గోడకు తగిలించామో ఒకసారి తలెత్తి చూసుకోవాలి. వాళ్లలో బతికి ఉన్నవాళ్లు ఇంకా ఉన్నారు.